ఆగని కణాలు

పరిశోధనశాలలో కణాలు పెంచే ఆవిడ తొమ్మిదేళ్లుగా ఊరు కదల్లేదు. ఆవిడ భర్తను పొట్టన పెట్టుకున్న కణితి నుంచి తీసినవే ఆ కణాలు. కణంలో జీటీపీ అనే అణువును పట్టుకుని పెరగమని చెప్పే ప్రొటీన్ ఒకటుంటుంది. ఆ అణువును తుంచేశాక ఆగమంటుంది. వీటిలోని ప్రొటీన్‌కు ఆ తుంచడమే చేతకాదు. అందుకే అవి ఆగవు, రెండు రోజులకే సీసా నిండిపోతుంది. ఆవిడ పసుపు తిరిగిన పోషకాల నీళ్లు వంచేసి, ఎర్రటి కొత్త నీళ్లు పోసి, కొన్నిటిని మరో సీసాలోకి మార్చి, వెచ్చటి పెట్టెలో పెట్టి, తలుపు మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడుతుంది.

సోమవారం ఆపరేషన్ ఉందని చెల్లెలు వెతుక్కుంటూ వచ్చింది. "నాలుగు రోజులు నా పక్కన ఉండక్కా. భయంగా ఉంది."

"వీటినెవరు చూస్తారే?"

"అవేమన్నా చంటిపిల్లలా?"

పక్క బల్ల దగ్గరున్న డాక్టరమ్మ తలెత్తింది. "ఫ్రీజర్‌లో గడ్డకట్టించి దాచేయండి పిన్నిగారూ. వచ్చాక మళ్లీ పెంచుకోవచ్చు. ఆ పని నాకు నేర్పింది మీరేగా."

చెల్లెలి మొహం విప్పారింది. ఆవిడ మాత్రం గ్లవ్స్ వేళ్లు ఒక్కొక్కటే సర్దుకుంటూ ఉండిపోయింది.

"తెలుసమ్మా," అంది చివరికి. "ఆయనకు చలి పడదు."