మామ్మ విన్న మాట

తాతయ్య చనిపోయిన ఏడాది తుమ్మపాలలోని మా ఇంటికి జర్మనీ నుంచి ఒకావిడ అతిథిగా వచ్చింది. రిటైరైన భాషా టీచరు. మా చర్చి చూడ్డానికి వచ్చిన నలుగురిలో ఒకరు. నేనప్పుడు అనకాపల్లిలో డిగ్రీ చదువుతున్నాను. ఆవిడ ఇంగ్లీషును తెలుగు చేసి చెప్పడానికి నన్ను పెట్టారు.

ఆవిడకు తాతయ్య గది ఇచ్చాం. ఆయన పోయాక మామ్మ ఆ కిటికీలు తెరవనివ్వలేదు. ఆవిడ వెళ్లీ వెళ్లగానే రెక్కలు బార్లా తీసి, గదినిండా పరుచుకున్న ఎండను చూసి, "హెల్, హెల్" అని పైకే అనుకుంది.

మంచినీళ్లు పట్టుకొచ్చిన మామ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. మిషన్ బడిలో నేర్చిన కాస్త ఇంగ్లీషులో హెల్ అంటే నరకమని ఆమెకు బాగా తెలుసు. తాతయ్య ప్రతి ఆదివారం ఆమెను సైకిల్ మీద చర్చి గేటు దాకా దింపేవాడు. లోపలికి మాత్రం రాలేదు. బాప్తిస్మమూ తీసుకోలేదు. తీసుకోనివాళ్లు నరకానికే పోతారని చర్చిలో చెప్పేవారు.

ఆ మధ్యాహ్నం మామ్మ అన్నం ముట్టలేదు. వంటింట్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా అడిగింది.

"మీ తాత ఎక్కడున్నాడో ఆయమ్మకి తెలిసిపోనాదేటే?"

నేను వెళ్లి ఆవిడనే అడిగాను. ఆవిడ కంగారుగా నా వెంట వచ్చి మామ్మ ఎదుట నేల మీద కూర్చుంది. తమ భాషలో ఆ మాటకు వెలుతురు అని అర్థమంది. పూర్వం ఖంగుమని వినిపించే గొంతును అలా అనేవారట, తర్వాత వెలుగునీ అలాగే అనడం మొదలుపెట్టారట. ఇంగ్లీషు మాట పుట్టుక వేరు. దానికి మొదట్లో కప్పి ఉంచిన చోటు అనే అర్థమట. ఉత్తరాది మంచుదేశాల పాత కథల్లో జబ్బు చేసో ముసలితనంతోనో పోయినవాళ్లు, మంచివాళ్లయినా చెడ్డవాళ్లయినా, ఆ పేరున్న చోటికే వెళ్లేవారట. ఆవిడ చెప్పినదంతా తెలుగు చేశాను.

"అక్కడ అగ్గుంటాదా?" అంది మామ్మ.

ఆ కథల్లో మంటల ఊసు లేదంది ఆవిడ.

మామ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. తర్వాత ఆవిడ వైపు తిరిగి, నేను ఇంగ్లీషులో చెప్పేదాకా కూడా ఆగకుండా చెప్పుకుపోయింది.

"పాటలయ్యేదాకా గేటు కాడే నిలబడీవోడమ్మా. నన్నింటికి తెచ్చీటప్పుడు సైకిలు తొక్కుతూ అవే పాడీవోడు. సగం తప్పులే."

చెబుతూ చెబుతూ నవ్వేసింది. ఆయన పోయాక మామ్మ నవ్వగా చూడ్డం అదే మొదలు. ముగ్గురికీ అన్నం వడ్డించమంది.