మోకాలి దాకా వచ్చాను

వర్ణన మాస్టారికి మనిషిని పేరుతో చెప్పడం చేతకాదు. పాదాల దగ్గర మొదలుపెట్టి పైకి రావాల్సిందే. దారిలో ఎక్కడో ఆగిపోతాడు. ముఖం దాకా చేరిన దాఖలా లేదు.

"నేను లేనప్పుడు ఎవరో వచ్చారట, ఎవరండీ?" అని భార్య అడిగితే, "బొటనవేలిని బూటు నొక్కేస్తున్నా ఆ సంగతి బూటుకు తెలియనివ్వని మనిషి" అన్నాడట. వచ్చింది సాక్షాత్తూ తన మరిదేనని ఆవిడకు మూడు రోజులకు గానీ తెలియలేదు.

కాలేజీలో ఆయన పాత అమెరికా కథానికలు చెబుతాడు. అందుకే ఈ జబ్బు అంటించుకున్నాడని కొందరు, ఈ జబ్బుకు తగ్గ ఉద్యోగం వెతుక్కున్నాడని కొందరు. దుకాణం గుమ్మంలో ఎవడో వచ్చి నిలబడతాడు. వాడి బూటు మీది బురదకు ఒక క్లాసు, ఊడిపోయిన కోటు గుండీకి ఒక క్లాసు. గంట కొట్టేవేళకు కూడా వాడు గుమ్మంలోనే ఉంటాడు.

"మాస్టారూ, కథలో ఏం జరిగిందండీ?"

"జరగడం ఎవరికైనా జరుగుతుంది నాయనా. ఎవరికి జరిగిందో ముందు చూడు. ఆ గుండీ ఎవరు కుట్టాలో, ఎందుకు కుట్టలేదో తెలిస్తే కథ నువ్వే చెప్పేస్తావు."

ఏడాది చివర పరీక్షలో 'అమెరికా కథానికల్లో పాత్ర వర్ణన ప్రాముఖ్యం' అని పది మార్కుల ప్రశ్న ఒకటి తప్పకుండా వచ్చేది. పిల్లలు పేజీల కొద్దీ రాసేవాళ్ళు. ఒక్క కథలోనూ చివరికి ఏమైందో ఒక్కరికీ తెలియదు.

ఇదంతా మాస్టారి శాఖ గదిలో మూల బల్ల దగ్గర కూచుని విన్నది టైపిస్టు. పదకొండేళ్ళుగా ఆ శాఖలో టైపు కొడుతోంది. ఇప్పటికీ టెంపరరీయే. బల్లను ఆమే ఆ మూలకు జరిపించుకుంది, ఎడమ చెంప గోడవైపు ఉండేలా. ఆ చెంప మీద అరచేతంత నల్లటి పుట్టుమచ్చ ఉంది.

పిల్లలకు ఉద్యోగాల కోసం మాస్టారు ఇచ్చే సిఫార్సు ఉత్తరాలన్నీ ఆమె చేతిమీదుగానే వెళ్ళేవి. మామూలు ఉత్తరమైతే మూడు లైన్లు: తెలివైనవాడు, వినయవంతుడు, మీ దయ. మాస్టారి ఉత్తరం అలా కాదు. 'ఈ అబ్బాయికి బూటు లేసు ఒకటి తెగితే, రెండోదాన్ని సగానికి కోసి రెండు బూట్లకూ కట్టుకున్నాడు' అని మొదలై, ఆ లేసు మీదే రెండు పేజీలు నడిచేది.

"ఎంతవరకు వచ్చింది మాస్టారూ? అవతల అబ్బాయి నిలబడి ఉన్నాడు."

"మోకాలి దాకా వచ్చానమ్మా."

"ఇంకా మోకాలేనా! వాడికి ఈలోగా రిటైర్మెంటు వచ్చేస్తుంది."

ఆమె విసుక్కుంటూనే కొట్టేది. కొడుతూ కొడుతూ, ఆయన చూడకుండా, లేసుల్లో ఒక పేజీ ఎగరగొట్టేది.

అలాంటిది ఒక రోజు ఆమెకే ఉత్తరం కావాల్సి వచ్చింది. నెలాఖరుతో టెంపరరీ వాళ్ళందరినీ తీసేస్తున్నామని నోటీసు అంటించారు. అదే వారంలో పరీక్షల కార్యాలయంలో ప్రశ్నపత్రాలు భద్రపరిచే ఉద్యోగం ఒకటి ఖాళీ పడింది. పర్మనెంటు. కానీ పదేళ్ళు దగ్గర పని చేయించుకున్నవాళ్ళ ఉత్తరం జతచేయాలట. ప్రిన్సిపాల్ వచ్చి నాలుగు నెలలే. ఇక మిగిలింది ఎవరో చెప్పనక్కర్లేదు.

"నాలుగు ముక్కలు చాలు మాస్టారూ. టైపు వచ్చు, టైముకు వస్తుంది, అంతే."

"టైముకు రైలు కూడా వస్తుంది, అప్పుడప్పుడు."

"దండం పెడతాను, నన్ను మాత్రం వర్ణించకండి."

"వర్ణించకపోతే నువ్వు ఉన్నావని వాళ్ళకెలా తెలుస్తుంది?"

"దరఖాస్తు పెట్టానుగా!"

"అది దరఖాస్తు ఉందని చెబుతుందమ్మా. నువ్వున్నావని కాదు. ఈ ఉత్తరం నేను చేత్తోనే రాస్తాను. నువ్వు టైపు కొట్టక్కర్లేదు."

ఆమె చెయ్యి ఎడమ చెంప మీదికి పోయింది. ఇంతకుముందు రెండు ఇంటర్వ్యూలకు వెళ్ళింది. రెండుచోట్లా వాళ్ళ మాట సగంలో ఆమె చెంప దగ్గర తట్టుకుని ఆగింది. తర్వాత "కబురు పెడతాం" అన్నారు. పెట్టలేదు.

"మచ్చ సంగతి రాస్తాడేమోనే" అంది అక్క ఇంట్లో.

"రాస్తాడేమో ఏమిటక్కా? బూటు లేసుకే రెండు పేజీలు రాసినవాడు దీన్ని వదులుతాడా? మ్యాపు గీస్తాడు."

సోమవారం మాస్టారు కుర్చీలో కళ్ళు మూసుకుని కూచున్నాడు. ఆమె గట్టిగా దగ్గింది.

"నిద్రపోవట్లేదమ్మా. పదకొండేళ్ళు చూసింది గుర్తు చేసుకుంటున్నాను. మడమ దాకా వచ్చాను."

బుధవారం మధ్యాహ్నం అడిగితే మోకాలన్నాడు. గురువారమూ మోకాలే. శుక్రవారం సాయంత్రం అయిదుకు తపాలా కట్టేస్తారు, ఆ రోజే ఆఖరు. నాలుగున్నరకు అడిగితే మళ్ళీ మోకాలే. ఆమె పరిస్థితి ముందు నుయ్యి వెనక గొయ్యి. ఉత్తరం పూర్తి కాకపోతే ఉద్యోగం రాదు. పూర్తయి మెడ దాటిందా, అసలే రాదు. జన్మలో మొదటిసారి ఆయన నిదానమే తనను కాపాడాలని కోరుకుంది.

అయిదుకు పది నిమిషాలుందనగా మాస్టారు అంటించేసిన కవరు తెచ్చి చేతిలో పెట్టాడు.

"అయిందా?"

"చేతుల దాకా వచ్చింది."

"అయితే సగమేగా!"

"సగమే. పరిగెత్తు."

పరిగెత్తింది.

పది రోజులకు పిలుపు వచ్చింది. పొడుగాటి బల్ల వెనక ముగ్గురు. మధ్యలో కళ్ళజోడు అధికారిణి, అటొకరు ఇటొకరు. టైపిస్టు అలవాటు ప్రకారం ఎడమ చెంప దాచుకుంటూ పక్కవాటంగా లోపలికి వచ్చింది.

ఆమె ముఖంకేసి ఎవరూ చూడలేదు. ముగ్గురూ ఒక్కసారే బల్ల మీదుగా ముందుకు వంగి ఆమె కాళ్ళు చూశారు.

"ఎడమ చెప్పు పట్టీ ఉందే ఇంకా!" అంది అధికారిణి.

"కుట్టించానండీ."

"నాలుగోసారేనా?"

"అయిదోసారండీ. మొన్ననే."

కుడిపక్క పెద్దమనిషి పెన్సిలు తీసి, ఉత్తరం అంచున నాలుగు కొట్టేసి అయిదు వేశాడు.

అధికారిణి కళ్ళజోడు సర్దుకుని చదివింది. "'పరీక్ష హాలుకు కాగితాలు తెచ్చేటప్పుడు ఈమె చెప్పులు గుమ్మం బయటే విప్పుతుంది. రాసుకునే పిల్లలు చప్పుడుకు ఉలిక్కిపడతారని. పదకొండేళ్ళలో ఒక్క తలా ఈమె రాకకు పైకి లేవలేదు.' నిజమేనా?"

"ఆ చెప్పులు కిర్రుమంటాయండీ."

"'ప్రశ్నపత్రాల కట్టకు సీలు వేశాక బొటనవేలితో రెండుసార్లు నొక్కుతుంది. ఒకసారి అంటుకోవడానికి, ఇంకోసారి తను నమ్మడానికి.' ఇదీ నిజమేనా?"

టైపిస్టు తన బొటనవేలు చూసుకుంది. ఆ సంగతి ఆమెకే తెలియదు.

"చివర 'చేతుల పైన' అని రాసి ఆపేశారు. తర్వాత ఏముంటుంది?"

"తర్వాత నేనే ఉంటానండీ."

ముగ్గురూ నవ్వారు. తనూ నవ్వింది. అప్పుడు గమనించుకుంది, ముఖం మొత్తం వాళ్ళవైపే తిప్పి నిలబడి ఉంది. వాళ్ళు చూశారు. చూసి, "ఒకటో తారీఖున చేరగలవా?" అన్నారు.

మర్నాడు సొరుగు ఖాళీ చేస్తూ పాత ఉత్తరాల కార్బన్ కాపీలు తిరగేసింది. నత్తి ఉన్న అబ్బాయి ఉత్తరం జేబుల దగ్గర ఆగింది. మెల్లకన్ను అమ్మాయిది మోచేతి దగ్గర. ఇన్నాళ్ళూ కాగితం అయిపోయి ఆపేస్తాడనుకుంది.

"మాస్టారూ, ఆ శుక్రవారం టైము చాలకేనా ముఖం రాయలేదు?"

"ఉత్తరం బుధవారమే అయిపోయిందమ్మా."

"మరి రెండు రోజులు మోకాలి దగ్గర నిలబెట్టారేం నన్ను? ఇక్కడ నా ప్రాణాలు పోయాయి!"

"ముందే ఇస్తే తెరిచి, దిద్ది, ఒక పేజీ ఎగరగొట్టేదానివి. పదకొండేళ్ళుగా నా లేసులు కోస్తూనే ఉన్నావు."

ఆమె చేతిలోని కాపీలను గబగబా కట్టగట్టేసింది.

"ముఖమంటావా," అన్నాడాయన బూటు లేసు కట్టుకుంటూ, "అది వెళితే వాళ్ళకే కనబడుతుంది. కనబడేదానికి ఉత్తరం ఎందుకు?"

కొత్త ఆఫీసులో మొదటి రోజు అధికారిణి టీ తెప్పించి పక్కన కూచోబెట్టుకుంది. "ఇంతకీ ఎవరమ్మా ఆ ఉత్తరం రాసిన పెద్దమనిషి? సంతకం గొలుసులా ఉంది, పేరు తెలియలేదు."

"ఆయనాండీ?" టైపిస్టు కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఆయన బూట్లు రెండూ ఒక జత కావు. ఎడమది గోధుమరంగు, కుడిది గోధుమరంగుగా ఉండాలనుకున్న నలుపు. ఆ ఎడమ బూటు ఉందే..."

టీ చల్లారింది. పక్క బల్లల వాళ్ళు లేచి వచ్చి చుట్టూ నిలబడ్డారు.

"పేరు చెప్పు తల్లీ, చాలు!"

"ఆగండి మేడమ్," అంది టైపిస్టు, "ఇప్పుడేగా మోకాలి దాకా వచ్చాను."