ముందే కడుక్కున్న పాదాలు

కోడూరు దగ్గర మా ఊరి చర్చిలో ఒక విచిత్రమైన అలవాటు ఉంది. గుడ్ ఫ్రైడే ముందు రోజు, గురువారం సాయంత్రం ఆరాధనలో పాస్టర్ గారు పన్నెండుమందిని కుర్చీల్లో కూర్చోబెట్టి, తాను నేల మీద మోకాళ్లూని వాళ్ల పాదాలు కడుగుతారు. ప్రభువు తన శిష్యుల కాళ్లు కడిగినదానికి అది గుర్తు. ఇంతవరకూ చాలా చర్చిల్లో ఉన్నదే. మా ఊళ్లో మాత్రం ఆ పన్నెండుమందీ మధ్యాహ్నం నుంచే బోరింగు దగ్గర చేరి, సబ్బు పెట్టి, కొబ్బరి పీచుతో పాదాలు తోముకుని మరీ వస్తారు. పాస్టర్ గారి చేతికి మట్టి అంటకూడదని! వచ్చిన ప్రతి పాస్టరూ కొత్తలో దీని మీద ఒక ప్రసంగం చేస్తాడు. మట్టి కాళ్లతో రండి, కడిగేది అందుకే కదా అంటాడు. అందరూ ఆమెన్ అంటారు. మరుసటి ఏడు బోరింగు దగ్గర సబ్బు బిళ్ల మామూలే.

చిన్నప్పుడు నాకిది తమాషాగా ఉండేది. బందరులో టీచరుగా చేరి కాస్త లోకం చూశాక, తలుచుకుంటే ఒళ్లు మండేది. తరతరాలుగా ఊరి చివర ఉంచిన మనుషులం మనం. మనల్ని ముట్టుకునేవాడికి ఇబ్బంది కలగకూడదని మళ్లీ మనమే జాగ్రత్త పడాలా? ఈ మాట అంటే మా వాళ్లు నవ్వేసేవారు. నాకు చదువు ఎక్కువై నోరు పెరిగిందనేవారు.

మా పెద్దమ్మ, అంటే మా అమ్మకి అక్క, ఊడుపులూ కోతల మీదే బతికిన మనిషి. ఆవిడ మడమల పగుళ్లలో పొలం నలుపు ఇంకిపోయి, ఎంత తోమినా పోదు. ఒక బొటనవేలికి గోరు లేదు. వానాకాలమంతా నీళ్లలో నాని వేళ్ల సందులు ఒరిసిపోతాయి. చిన్నతనంలో ఒక కామందు గారింట్లో పని చేసేది. ఇంటికి చుట్టాలొస్తే కాళ్లకి నీళ్లివ్వడం మన మర్యాద కదా, ఆ నీళ్లు తోడి తేవడం ఆవిడ పని. బిందె మెట్ల కింద దించి దూరంగా జరిగిపోవాలి. చెంబుతో అందించేది ఆ ఇంటివాళ్లే.

ఆ ఏడు మాకు కొత్తగా వచ్చిన పాస్టర్ గారు, పన్నెండుమందిలో ఈసారి ఆడవాళ్లు కూడా ఉండాలన్నారు. అంతకుముందు అందరూ మగవాళ్లే. గుడ్ ఫ్రైడేకి ముందొచ్చే మట్టల ఆదివారం నాడు, ఆరాధన అయ్యాక పేర్లు చదివారు. అందులో పెద్దమ్మ పేరు ఉంది. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసింది.

"ఏమే, ఎన్ని కాళ్లకి నీళ్లు తోడానో నాకే తెలవదు. నా కాళ్లు ఇంకొకళ్లు కడిగితే ఎట్టా ఉంటదో ఒక్కసారి చూడాలని ఉందే" అంది.

నేను గురువారం పొద్దున్నే బందరులో బస్సెక్కి ఊరు చేరాను. పెద్దమ్మ అరుగు మీద కూర్చుని రాయితో మడమలు గీకుతోంది. పక్కన ఉప్పు వేసిన వేణ్ణీళ్ల బకెట్టు, ఆముదం సీసా. మట్టల ఆదివారం నుంచీ ఇదే పనట.

"ఎందుకు పెద్దమ్మా ఇదంతా? ఉన్నవి ఉన్నట్టు పెట్టు" అని కసిరాను.

"నీకేం తెలుసే. అయ్యగారి చేతులు మెత్తగా ఉంటాయి. నా మడమలు గీరుకోవూ?" అంది.

అప్పుడే పాస్టర్ గారి భార్య వచ్చి అసలు సంగతి చెప్పింది. ఎన్నికలు దగ్గర పడ్డాయి. సాయంత్రం పాదాలు కడిగేది పాస్టర్ గారు కాదట, మా ప్రాంతంలో పోటీ చేస్తున్న నాయకుడట. చర్చికి ప్రహరీ గోడ కట్టిస్తానని మాటిచ్చాడట. సంఘ పెద్దలు ఒప్పేసుకున్నారు. పాస్టర్ గారు వద్దనలేకపోయారు. నాకు కోపం నషాళానికంటింది. పెద్దమ్మ మాత్రం, "ఎవరైతే ఏమే, అంత పెద్దాయన నా కాళ్లు పట్టుకుంటాడా!" అని ఇంకాస్త ఆముదం రాసుకుంది.

సాయంత్రానికి గుడివాడ నుంచి ఒక బృందం దిగింది. లైట్లు, కెమెరాలు, ఇత్తడి పళ్లెం, రోజా రేకులు, తెల్లటి తువాళ్లు. తెల్ల చొక్కా కుర్రాడొకడు కుర్చీల ముందు నడుచుకుంటూ వరసగా అందరి పాదాలూ చూశాడు. నిజంగా వంగి వంగి చూశాడు. సంతలో గేదె పళ్లు చూసినట్టు చూశాడు! పెద్దమ్మ దగ్గర ఆగాడు.

"మామ్మగారూ, మీరు కాస్త లేవండి. క్లోజప్‌లో బాగుండదు. మీరు చెంబు పట్టుకుని సార్ పక్కన నిలబడి నీళ్లు అందించండి, చాలు" అన్నాడు.

ఆ కుర్చీలో ఒక సంఘ పెద్ద కోడల్ని కూర్చోబెట్టారు. ఆ అమ్మాయి పాదాలు నున్నగా, ఎర్రగా ఉన్నాయి. పెద్దమ్మ లేచి, కొంగు సర్దుకుని చెంబు అందుకుంది. నేను ముందుకు వెళ్లబోతే పక్కనున్నవాళ్లు చెయ్యి పట్టి ఆపారు. గోడ పోతుందమ్మా అన్నారు. గోడ!

నాయకుడు వచ్చాడు. మోకాలి కింద దిండు వేయించుకున్నాడు. పాస్టర్ గారు మైకు అందుకుని పాట మొదలెట్టారు. పెద్దమ్మ నీళ్లు పోస్తుంటే ఆయన వేళ్ల చివర్లతో అలా అలా తడిపాడు. కెమెరా అతను "సార్, ఇంకొక్కసారి" అన్నప్పుడల్లా అదే పాదాన్ని మళ్లీ కడిగాడు. నాలుగో కుర్చీ దాటకుండానే టైమైందని లేచి, చేతులకి శానిటైజర్ రాసుకుని కారెక్కాడు. మంగినపూడి బీచ్‌లో ఇంకో కార్యక్రమం ఉందట. మిగతావాళ్లు సబ్బుతో తోముకొచ్చిన పాదాలు నేలకి ఆనించి కూర్చునే ఉన్నారు.

నేనింక ఆగలేదు. అందరి ముందూ పాస్టర్ గారిని అడిగాను.

"అయ్యగారూ, ఆ రాత్రి ప్రభువు తనని శత్రువులకి అప్పగించబోయే శిష్యుడి కాళ్లు కూడా కడిగాడా లేదా? వాడి పాదాలు బాగున్నాయా లేవా అని ముందు చూసుకున్నాడా? మన చర్చిలో, మన పళ్లెం ముందు, పొలంలో పని చేసిందని ఒక మనిషిని లేపేస్తే మీరు మైకు పట్టుకుని పాట పాడతారా?"

ఆయన తల దించుకున్నారు. పెద్దలు మాత్రం నన్ను కూర్చోమన్నారు.

నా కోపం ఆ ఒక్క నాయకుడి మీదే అయితే ఎప్పుడో చల్లారేది. వీళ్లందరికీ మన గుర్తులు కావాలి. ఒకడు కాపరినంటాడు, ఒకడు సేవకుడినంటాడు, క్రిస్మస్‌కి కేకు కోసి గొర్రెపిల్లనెత్తుకుని ఫొటో దిగుతాడు. కాపరి అంటే మంద కోసం ప్రాణం పెట్టేవాడని, పళ్లెం పట్టినవాడు తన పెద్దరికం దించేసుకోవాలని వీళ్లకెవరు చెబుతారు? చెప్పాల్సిన మనం ప్రహరీ గోడకి పడిపోయాం. పాదాలు కడగడమంటే మట్టిని ముట్టుకోవడం. మట్టి లేని పాదాలు ఏరుకుని కడిగితే అది వట్టి నీళ్ల ఖర్చు.

శనివారానికల్లా కోడూరు సెంటర్లో ఫ్లెక్సీ లేచింది. నాయకుడు వంగి ఉన్నాడు, ఎదురుగా ఆ ఎర్రటి పాదం, పైన 'మీ సేవకుడు' అని పెద్ద అక్షరాలు. ఫొటో అంచున చెంబు పట్టుకున్న ఒక నల్లటి చెయ్యి, మణికట్టు దాకానే. పెద్దమ్మని ఆటోలో ఆసుపత్రికి మందులకి తీసుకెళుతూ అది చూశాను. చింపి పారేస్తానని ఆటో ఆపించాను. పెద్దమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. చాలాసేపు ఆ బొమ్మ వంక చూసింది.

"మళ్లీ నీళ్లు తోడే పనే ఇచ్చారే నాకు" అంది. అప్పుడు ఏడ్చింది. గురువారం ఏడవని మనిషి, రోడ్డు మీద, ఆటోలో కూర్చుని ఏడ్చింది.

ఈస్టర్ నాడు ఆరాధన అయ్యాక పాస్టర్ గారు పెద్దమ్మ ఇంటికి వచ్చారు. ఒంటరిగా, చేతిలో చర్చిలోని పాత సత్తు పళ్లెం, భుజాన తువాలు. అరుగు కింద మోకాళ్ల మీద కూర్చున్నారు.

"తప్పయిపోయిందమ్మా. కాళ్లివ్వండి" అన్నారు.

పెద్దమ్మ పాదాలు చీర కిందకి లాక్కుంది.

"వద్దండి అయ్యగారూ. వారమంతా రుద్ది రుద్ది ఉన్నాయండి, ఇంకా శుభ్రంగానే ఉన్నాయి. వచ్చే ఏడు పొలంలోంచి సరాసరి గుళ్లోకి వస్తాను. ఆ కుర్చీలోనే కూర్చుంటాను. అప్పుడు కడుగుదురు గాని, అందరి ముందూ."

పాస్టర్ గారు కళ్లు తుడుచుకుని, అలాగేనమ్మా అన్నారు. ఆయన వెళ్లాక పెద్దమ్మ లేచి ఆముదం సీసా తీసుకెళ్లి పక్కింటివాళ్లకి ఇచ్చేసింది.