ఈశాన్యం మూల చుక్కలు

దెయ్యాలూ గాలులూ అంటే నాకు ఒళ్ళు మంట. హాస్టల్లో పిల్లలు ఆ కబుర్లు మొదలెడితే "పోండే, పోయి పడుకోండి" అని కసిరే మనిషిని. ఇప్పుడు ఇది రాస్తున్నానంటే నామీద నాకే చిరాగ్గా ఉంది.

నరసరావుపేట దగ్గర ఒక కాలేజీలో కంప్యూటేషనల్ సైన్స్‌లో ఎంటెక్ చదువుతున్నా. రెండో సెమిస్టర్ ప్రాజెక్టుకి, భూమిలో నీళ్ళు ఎట్టా కదులుతాయో కంప్యూటర్లో లెక్కగట్టి చూపించాలి. దానికి నూజెండ్ల దగ్గర మా బాబాయి చేను తీసుకున్నా. మిరప తోట. పాత బోరు ఎండిపోయింది. తోట కళ్ళముందే వాడిపోతుంటే ఆయన కొత్త బోరు కోసం తిరుగుతున్నాడు.

ఆ ప్రోగ్రాంలో నీటిబొట్లకి బదులు వేల చుక్కలు వదులుతాం. ఏ చుక్క ఎటు పోవాలో అడుగడుక్కీ కంప్యూటరే చీటీ తీస్తుంది. కాబట్టి అవి నీళ్ళలో సిరా పడ్డట్టు చెదిరిపోవాలి. నావి చెదరలా. అన్నీ చేను ఈశాన్యం మూలకి పోయి ముద్దగా ఆగినయ్. మళ్ళీ నడిపా, కొత్త చీటీలతో నడిపా. అక్కడికే. నా ఫ్రెండ్ కోడ్ అంతా వెతికింది, తప్పు దొరకలా. వేరే చేను కొలతలు పెడితే చక్కగా చెదిరినయ్.

"నీ కంప్యూటర్ వాస్తు నేర్చుకుందే" అని అది నవ్వింది. నేనూ నవ్వుకుని ఆ బొమ్మ బాబాయికి పంపా.

అక్కడే వచ్చింది తంటా. అంతకుముందే, కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నీళ్ళు చూసే ఆయన అదే మూల కాయ నిలువుగా లేచిందన్నాడంట. మా వైపు బోరంటే ముందు ఈశాన్యమే చూస్తారు. ప్రోగ్రాంలో ఏదో తేడా ఉంది, నమ్మొద్దని ఎంత మొత్తుకున్నా బాబాయి వినలా. కాయా కంప్యూటరూ ఒకే మాట చెప్పినాక ఇంకేంది అన్నాడు.

బోరు వేసే రోజే నా ప్రెజెంటేషన్. మధ్యాహ్నం, ల్యాబ్‌లో, సారు ముందు. క్లాసంతా ఉంది. చెప్తూ చెప్తూ ఉన్నట్టుండి నా గొంతు పోయింది. దగ్గు లేదు, నొప్పి లేదు. నోరు కదులుతుంది, మాట రాదు. సారు మంచినీళ్ళిచ్చాడు. కాసేపటికి దానంతటదే వచ్చింది. అందరూ భయంవల్లలే అన్నారు. నాకు భయమేంది నా మొహం!

బయటికొచ్చి ఫోన్ ఆన్ చేస్తే పిన్ని ఏడుస్తా చెప్పింది. బోరు వేస్తున్న చోట నేల కుంగి, పైపులు కూడా లోపలికి పోయినయ్యంట. కింద ఎప్పుడో పూడ్చిన బావి ఉందంట, ఊళ్ళో ఎవరికీ తెలీదు. బోరు బండివాళ్ళు అన్నానికి పోయారు. బాబాయి ఒక్కడే అక్కడ నిలబడి ఉన్నాడు.

దేవుడి దయ, ఆయనకి గోరంత దెబ్బ తగల్లా. గట్టు మీద నుంచి నేను పిలిచానంట. పిన్ని దగ్గర ఫోన్ తీసుకుని బాబాయే చెప్పాడు.

"మిట్టమధ్యాహ్నం ఒక్క పిలుపుకి పలక్కూడదు గదా తల్లీ, ఏ గాలో ఏమో. మూడోసారి కూడా బాబాయ్ అన్నావు. మూడుసార్లు పిలిస్తే మనిషే. అందుకని గట్టుకొచ్చా. వెనకాల నేల కూలింది."

ఆ తర్వాత అదే ప్రోగ్రాం, అదే చేను, మళ్ళీ నడిపా. చుక్కలు బుద్ధిగా చెదిరిపోయినయ్. మళ్ళీ ఎప్పుడూ ఆ మూలకి పోలా. ఎందుకో నాకిప్పటికీ తెలీదు. నా గొంతే వచ్చి ఆయన్ని కాపాడిందని పిన్ని నాకు దణ్ణం పెడుతుంది. కొన్నాళ్ళు నేనూ అట్టాగే సర్దిచెప్పుకున్నా.

మొన్న బాబాయి ఫోన్ చేశాడు. ఇందాక చేలోకొచ్చి పిలిచావేందమ్మా, చూస్తే లేవే అన్నాడు. ఆ పూట నేను క్లాసులో ఉన్నా. ఈసారి నా గొంతుకేం కాలా.

ఎటునుంచి వినపడింది అని అడిగా. కుంగిన గుంటలోంచంట. రెండుసార్లే పిలిచిందంట. మూడోసారి పిలిస్తే దిగి చూద్దామనుకున్నాడంట.

"నేనే పిలిచినా, ఎన్నిసార్లు పిలిచినా, ఆ చేలో పలకొద్దు బాబాయ్. నామీద ఒట్టు" అన్నా.

"అచ్చం నీ గొంతే తల్లీ. నువ్వు పిలుస్తుంటే పలక్కుండా ఎట్టా ఉండేది?" అన్నాడు.