రిమ్ముకి నూనె, డిస్కుకి వాన

చదువు నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా మేనకోడలు రాస్తోంది. తిట్లు తీసేస్తానంది. తీస్తే ఊరుకోనన్నాను.

మా ఆయన పోయాక ఆయన వస్తువుల్లో ఎవరూ అడగనిది సైకిలొక్కటే. దూరాలు తిరగడానికి కొన్నాడు. ముందూ వెనకా సంచులు తగిలించే కడ్డీలు, లావు టైర్లు. ఆయన పోయి ఏడాది తిరిగాక నేను పట్టాను. మోకాళ్లు చెక్కుకుపోతున్నా నేర్చుకున్నాను. పొందూరు నుంచి శ్రీముఖలింగం దాకా ఒక్కదాన్నే వెళ్లొచ్చాను. నవ్విన వాళ్ల పక్కనుంచి గంట కొట్టుకుంటూ పోయాను.

పోయిన దసరాకి సైకిలు కడిగి, కత్తిపీటకి పెట్టినట్టే పసుపు పెట్టాను. మొగుడు పోయినదానివి పసుపు ముట్టకూడదంది పక్కింటావిడ. కావాలంటే మొహానికి కూడా రాసుకుంటానన్నాను. ఆ ఊపులోనే చక్రాలు మెరవాలని రిమ్ముల చుట్టూ నువ్వుల నూనె పట్టించాను.

మర్నాడు రైలు వంతెన దిగుతూ బ్రేకు నొక్కితే రబ్బరు ముక్కలు రిమ్మును పట్టలేదు, సర్రున జారిపోయాయి. వెళ్లి రోడ్డు పక్కన నార కోసం పేర్చిన గోగు కట్టల్లో పడ్డాను. ముందు పన్ను సగం విరిగింది.

కబురు విని మా మరిది వచ్చి హ్యాండిలు పట్టుకున్నాడు.

“సాలు వదినా. దీన్ని అమ్మేద్దాం. ఆడమనిసివి, పైగా...”

“పైగా ఏటి? నోరు తెరిసినోడివి పూర్తిగా సెప్పు.”

హ్యాండిలు మీంచి అతని చెయ్యి తీసేశాను.

“బ్రేకు మారుస్తాను. మార్సినాక కూడా పడితే నానే నీ సేతికిస్తాను, అమ్ముకో” అన్నాను.

సైకిలు విజయనగరం తీసుకెళ్లాను. మెకానిక్కు రిమ్ము మీద వేలు రాసి వాసన చూశాడు.

“దీనికి పోపెట్టినావేటమ్మా?”

“పండక్కి పనిముట్టుకి నూని రాయమేటి?”

“గొలుసుకి రాయి. బ్రేకు పట్టేసోట రాస్తే ఎలాగ ఆగుతాది?”

శుభ్రంగా తుడిస్తే పాత బ్రేకే చాలన్నాడు. కానీ వానలో రిమ్ము తడిస్తే అది ఎప్పుడూ ఆలస్యంగానే పట్టేది. డిస్కు వెయ్యమన్నాను. చక్రాన్ని పట్టి ఉంచే పాత ఫోర్కుకి బిగించే చోటు లేదని ఫోర్కూ ముందు చక్రమూ రెండూ మార్చాడు. ఇరుసు దగ్గర చిన్న పళ్లెమంత ఇనప బిళ్ల, దాన్ని రెండు పక్కలా నొక్కే పట్టు. దీనికి నూనె చుక్క తగిలినా మళ్లీ జారతావని వేలు చూపించి మరీ చెప్పాడు.

కార్తీక సోమవారం వానలోనే బయల్దేరాను. పడతానేమో చూడ్డానికి మరిది మోటారుసైకిలు మీద వెనకే వచ్చాడు. వంతెన దిగుడు సగంలో ఉండగా గేదె అడ్డం వచ్చింది. రెండు వేళ్లతో నొక్కాను. చక్రం కీచుమంది, ఆగింది. గేదె మూతికీ నా టైరుకీ మధ్య జానెడు ఉందేమో.

మరిది పక్కకొచ్చాడు.

“ఆగిందిలే వదినా. ఇంక పద ఇంటికి, తడిసిపోతన్నావు.”

“నువ్వెల్లు. ముఖలింగం ఎల్లి రేపు సందేళకొస్తాను.”

“ఊరోలు ఏటనుకుంటారు?”

“అనుకోనీ. అడిగినోలకి మా వదిన సైకిలు అమ్మదంట అని సెప్పు.”

గేదె తీరిగ్గా పక్కకి తప్పుకుంది. నేను పెడలు తొక్కాను.