ఉత్తరం మరిచిన ఆలివ్ చెట్టు

ముసలి ఆలివ్ చెట్టును వేళ్ళతో సహా లేపి ఇంకోచోట పాతాలంటే మాయెస్ట్రాట్ కొండలన్నిటికీ బాటిస్టే దిక్కు. ఆ మాట అందరికంటే ఎక్కువగా చెప్పేది కూడా బాటిస్టే. తను ఈల వేస్తే చెట్లే వేళ్ళు దులుపుకుని వెంట నడుస్తాయన్నట్టు మీసం తిప్పేవాడు.

అతని వదిన రెమెదీస్ పొలం కొత్త రోడ్డు కింద పోయింది. చనిపోయిన మొగుడి గుర్తుగా ఆమెకు మిగిలింది అందులోని ఒక్క చెట్టే. దాని వయసంటారా, రోమన్లు ఈ దేశానికి వచ్చేసరికే దానికి నడుము నొప్పులు! దాన్ని ప్రార్థనా మందిరం వెనక దిబ్బ మీదికి మార్చాలి.

"ఉత్తరం వైపు ఎర్రరంగు పూశావా మరిదీ?" అని అడిగిందామె, కొమ్మలు నరుకుతుంటే.

మా వైపు ఉయ్యాల్లో పిల్లకైనా తెలుసు, రంగు పూసిన వైపు కొత్త గుంటలోనూ ఉత్తరానికే ఉండాలని. నీడలో పెరిగిన బెరడు ఎండకు ఓర్చుకోదు.

"రంగులు నేర్చుకునేవాళ్ళకు వదినా! చెట్టు మొహం చూసి ఉత్తరమేదో పోల్చుకోలేనా?"

క్రేన్ తాడుకు చెట్టు బొంగరంలా తిరిగింది. బాటిస్ట్ చెయ్యి ఊపాడు, దించారు, మట్టి కప్పారు. టోపీ ఎగరేసి, సాసేజి రొట్టె తిని, ఊరంత వైను తాగాడు.

ఎండాకాలం వచ్చేసరికి దక్షిణం వైపు బెరడు అప్పడంలా పగిలింది.

"పాతమంటే వేయించావేంట్రా?" అన్నాడు సారాకొట్టు గాస్పర్.

"నేల మంచిది కాదురా," అన్నాడు బాటిస్ట్. మర్నాడు తప్పు గాలి మీదికి తోశాడు. ఆదివారానికి దేవుడి మీదికీ తోసేవాడే.

ఆ శనివారం రొట్టెల దుకాణంలో అడుగు పెట్టబోతుంటే లోపల రెమెదీస్ గొంతు వినిపించింది. "మా మరిదినేం అనకండే. ఆ దిబ్బ నేలే పాడుది."

తిట్టినా బాగుండేది. బాటిస్ట్ చెవులు పొయ్యి కంటే ఎర్రగా కాలాయి. ఆడవాళ్ళందరి మధ్యా నిలబడి, "నేల తప్పు కాదు వదినా, నేను రంగు పూయలేదు. తిరగేసి పాతాను," అన్నాడు.

"తెలుసయ్యా. పాతిన రోజే తెలిసింది. మీ అన్న నీడన వీపు ఆనించుకునే తొర్ర ఎండలోకి వచ్చింది."

"మరి అప్పుడే చెప్పొద్దూ! క్రేన్ అక్కడే ఉందిగా, తిప్పేవాణ్ణి!"

"చెబుదామనే వచ్చా. నువ్వేమో టోపీ ఎగరేసి చిందులేస్తున్నావు. నలుగురిలో నీ మొహం చిన్నబోతుందని నోరు మూసుకున్నా."

బాటిస్ట్ రొట్టె కొనకుండానే బయటికి వచ్చేశాడు. మిట్టమధ్యాహ్నం, ఊరంతా భోజనాలకు ఇళ్ళకు పోయే వేళకు, దిబ్బ మీద ఆ మాడిన మాను చుట్టూ ఎండ తగలకుండా తడిగోనెలు కడుతున్నాడు. రొట్టెల దుకాణం మాట అప్పటికే చెవిన పడ్డ గాస్పర్ కూడా ఆ దారినే పోయాడు. ఒక్క వెక్కిరింపైనా విసురుతాడేమోనని బాటిస్ట్ ఆగి ఎదురుచూశాడు. గాస్పర్ తల దించుకుని వెళ్ళిపోయాడు.