కత్తెర బావ తీసేసిన ఖాళీలు

మా బావని ప్రెస్సులో అందరూ కత్తెర అంటారు. అచ్చుకి వెళ్ళే పుస్తకాలని కంప్యూటర్‌లో శుభ్రం చేయడం ఆయన పని. వరుస చివర అక్కర్లేని ఖాళీ కనబడితే కంట్లో నలుసు పడ్డట్టు గిలగిల్లాడతాడు. ఇంట్లోనూ అదే వరస. ఎవరు మాట మొదలుపెట్టినా ముగింపు ఆయనే చెప్పేస్తాడు. ఆ నోటికి ఎదురు నిలిచింది మా అక్క ఒక్కతే.

అలాంటి అక్కకి మెదడులో రక్తం గడ్డకట్టి మాట పడిపోయింది. మనుషుల్ని గుర్తుపడుతుంది, చదివింది అర్థమవుతుంది, జవాబు మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. మాటలు నేర్పే డాక్టరమ్మ ఆసుపత్రిలో దగ్గరుండి సాధన చేయిస్తే, అక్క ఒక్కో మాటా మెల్లగా పలకసాగింది. ఇంటికి వచ్చేటప్పుడు ఆవిడే ఒక కంప్యూటర్ ఫైలు ఇచ్చి, రోజూ చేయించమంది. తెర మీద ప్రశ్నలు వాటంతటవే పైకి జరుగుతుంటాయి, అక్క ఒక్కోటీ చదివి జవాబు చెప్పాలి.

బావ ఆ ఫైలు తెరిచి తల పట్టుకున్నాడు. ఒక ప్రశ్న, దాని కింద బోలెడు ఖాళీ వరుసలు, మళ్ళీ ఒక ప్రశ్న.

"ఎవరు టైప్ చేశారో గానీ, చెయ్యి జారినట్టుంది. ఇలా చూడు మరదలా, వెతకాల్సినదాన్ని గుర్తులతో రాస్తే దాన్నే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటారు. టోపీ గుర్తు పెడితే వరుస మొదలు, డాలర్ గుర్తు పెడితే వరుస చివర. రెంటికీ మధ్య ఏమీ లేని వరుసలన్నీ దొరికిపోతాయి."

ఒక్క మీట నొక్కాడు. కొండవీటి చాంతాడంత ఫైలు పేజీన్నరకి వచ్చేసింది. ఆయన దాన్నలాగే సేవ్ చేసి, మహా సంతోషపడ్డాడు.

సాయంత్రం అక్కని తెర ముందు కూర్చోబెట్టాం. 'మీకు ఏ కూర ఇష్టం?' అని వచ్చింది. అక్క పెదవులు కదిలాయి. అంతలోనే 'మీ ఆయన ఎలాంటివారు?' అని వచ్చింది.

"వంకాయ," అంది అక్క.

నేను పగలబడి నవ్వాను. బావ నవ్వలేదు. మర్నాడు 'బయట వాన పడుతోందా?' అంటే "ఎర్రది" అంది. అలా చెబుతున్నప్పుడు అక్క ముఖం కూడా అయోమయంగానే ఉంది. ఏదో తప్పు జరుగుతోందని తెలుసు, ఏమిటో చెప్పలేకపోతోంది.

బావ వంటగదిలోకి వచ్చి గొంతు తగ్గించాడు. "ఆసుపత్రిలో బాగానే చెప్పింది కదా. ఫైలులో ఒక్క అక్షరం పోలేదు, రెండుసార్లు చూశాను. ఏమీ లేనిదాన్ని తీస్తే ఏం పోతుంది? మాటతో పాటు బుర్ర కూడా పోతోందేమో. ఇంక దాన్ని హింస పెట్టొద్దు, ఆపేద్దాం."

నాకు ఏడుపొచ్చింది, ఆయన మీద కోపమూ వచ్చింది. ఆపేస్తే అక్క ఇక మాట్లాడదు. ఇంకొక్కసారి చూద్దామని మొండికేశాను.

'ఇంట్లో మీకు తోడుగా ఎవరుంటారు?' అని వచ్చింది. అక్క నావైపు చూసి నోరు తెరిచింది. ఈలోగా 'గేటు దగ్గర మొరిగేది ఏది?' అని వచ్చింది.

"చెల్లి."

రాత్రింబవళ్ళు చాకిరీ చేస్తే నాకు దక్కిన బిరుదు ఇదన్నమాట. రోషం ముంచుకొచ్చింది. అప్పుడే 'దాహం వేస్తే ఏం తాగుతారు?' అని వచ్చింది.

"కుక్క."

నేను లేచి నిలబడ్డాను. "బావా, ఆపు. అక్క సరిగ్గానే చెబుతోంది. ముందు ప్రశ్నకి చెబుతోంది. ఆ ఖాళీలు జవాబు కోసం ఉంచినవి. నువ్వు తీసేసింది అక్క వంతు."

బావ తెరని చూశాడు, అక్కని చూశాడు. తర్వాత కూర్చుని ప్రతి ప్రశ్న కిందా ఖాళీలు చేర్చాడు. బుద్ధి ఎక్కడికి పోతుంది, మొదట పిసినారిలా చేర్చాడు. అక్క తల అడ్డంగా ఊపింది. మళ్ళీ చేర్చాడు. మళ్ళీ ఊపింది. ఆమె చాలనేదాకా చేర్చాడు.

'మీ ఆయన ఏం పని చేస్తారు?' అని వచ్చింది. ఆ తర్వాత తెరంతా తెల్లగా జరుగుతోంది.

"కత్తి..." అంది అక్క.

బావ నోరు తెరిచి, మూసుకున్నాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. ఖాళీ ఇంకా జరుగుతూనే ఉంది.

"...రిస్తాడు."

బావ కళ్ళు తుడుచుకున్నాడు. "ఖాళీలు ఇంకొన్ని పెట్టనా?" అని ఆమెని అడిగి, జవాబు కోసం కూర్చున్నాడు.